కొబ్బరిచెట్టు బొమ్మ

శ్రీకాకుళం జిల్లాకు ఈశాన్యాన, ఒక ప్రక్క మహేంద్రగిరి పంక్తులు, మరొక ప్రక్క బంగాళాఖాతం హద్దులుగా పరుచుకొన్న పచ్చని నేలకు ఉద్దానమని పేరు. ఉద్యానమన్న సంస్కృత పదమే జనుల నోట నలిగి ఉద్దానమైందని పెద్దలంటారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల పల్లెల్లో ఇల్లు ఎక్కడ ముగుస్తుందో, తోట ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. కొబ్బరి, జీడిమామిడి, పనస, మునగ చెట్లు ఒకదాని నీడలో ఒకటి పెరుగుతాయి. ఆ చెట్ల సందుల్లోనుంచి సముద్రపు హోరు రాత్రింబవళ్ళు వినవస్తూనే ఉంటుంది.

అటువంటి ఒక పల్లెలో పుట్టిన బాలిక, ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం పరీక్షలు వ్రాసి, 2019 వేసవిలో హైదరాబాదుకు ప్రయాణమైంది. నెల రోజులపాటు జరిగే చిత్రకళా శిక్షణలో చేరడానికి ఆ ప్రయాణం. నగరంలోని పిల్లలకు వేసవి శిక్షణలు కొత్త కాదు. ఈత, సంగీతం, చిత్రలేఖనం, ఏదో ఒకటి సెలవులు గడవడానికి నేర్చుకొంటారు. ఉద్దానం పిల్లకు మాత్రం ఆ నెల రోజులు ఇంటి పైకప్పును పణంగా పెట్టి తెచ్చుకొన్నవి.

ఆమె తండ్రికి రెండెకరాల కొబ్బరితోట ఉండేది. ఉండేదని చెప్పవలసి రావడానికి కారణం తిత్లీ తుపాను. 2018 అక్టోబరు 11వ తేదీ వేకువజామున అది పలాస సమీపాన తీరం దాటింది. తెల్లవారేసరికి తాతలనాటి చెట్లు మొదలంటా కూలి, ఒకదానిపై ఒకటి అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. ఉద్దానం రైతు కొబ్బరిచెట్టును పెద్దకొడుకుతో సమానంగా చూస్తాడు. మొక్క నాటిన అయిదారేళ్ళకు గాని అది కాపు పట్టదు. నిండుగా కాయడానికి మరికొన్నేళ్ళు పడుతుంది. వరిచేను మునిగిన రైతుకు ఒక పంట పోతుంది. కొబ్బరితోట కూలిన రైతుకు పిల్లల చదువులకాలమంతా పోయినట్లే. పడిన మానులను కోయించి తోట శుభ్రం చేయించేసరికి చేతిలోని డబ్బు కాస్తా అయిపోయింది. తండ్రి భవన నిర్మాణపు పనులకు చెన్నై వెళ్ళిపోయాడు. తల్లి జీడిపప్పు బట్టీలో పనికి కుదిరింది.

పలాస జీడిపప్పు పేరు తెలియని తెలుగువారుండరు. పాయసంలో తేలే ఆ తెల్లని పలుకు వెనుక ఎన్ని చేతులున్నాయో తెలిసినవారు మాత్రం తక్కువ. ఎండిన గింజలను కాల్చడమో ఆవిరిపై ఉడికించడమో చేయాలి. ఒక్కొక్కటిగా పగులగొట్టి పెంకు తీయాలి. పప్పును ఆరబెట్టి, పైపొర ఒలిచి, నిండు పప్పును, బద్దను, ముక్కను వేరు చేయాలి. పెంకులోని జీడినూనె తగిలితే చర్మం పొక్కుతుంది. అందుకని చేతులకు బూడిద పూసుకొని పని చేస్తారు. ఎంత పూసుకొన్నా వేళ్ళు నల్లబారక మానవు. ఆ నలుపు సబ్బుకు లొంగదు. బాలిక తల్లి ఊళ్ళో పేరంటానికి వెళ్ళినప్పుడు చేతులను కొంగు చాటున దాచుకొనేది.

బాలికకు చిన్ననాటినుంచీ బొమ్మలు వేయడమంటే ప్రాణం. ఉన్నత పాఠశాలలో పనిచేసి విరమించిన డ్రాయింగు మాస్టారు ఆమెలోని ఆ శ్రద్ధను కనిపెట్టినవాడు. హైదరాబాదులోని శిక్షణ సంగతి ఆయనే తెలుసుకొని ఒకనాటి సాయంకాలం ఇంటికి వచ్చి చెప్పాడు.

“బొమ్మలు గీస్తే బువ్వ పెడతాదేటి మాస్టారూ?” అని అడిగింది తల్లి.

“పెడుతుందని మాట ఇవ్వలేను తల్లీ. నాకు పెట్టింది. అందరికీ పెట్టదు” అన్నాడాయన.

కల్లలాడని ఆ సమాధానమే తల్లికి నచ్చినట్లుంది. తుపానుకు ఎగిరిపోయిన ఇంటి రేకుల స్థానంలో అప్పటికి టార్పాలిను కప్పి ఉంది. రేకుల కోసం ఆమె దాచిన డబ్బు డబ్బాలో ఉంది. వానలు పడడానికి ఇంకా రెండు నెలల గడువుందని లెక్క వేసి, అందులో సగం తీసి కూతురి చేతిలో పెట్టింది. ఆ సగంతో రుసుము, రానుపోను రైలు టికెట్టు సరిపోయాయి. బసకు మేనమామ ఉన్నాడు. ఆయన కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంటుకు కాపలాదారు. మెట్ల క్రింది గదిలో భార్యాబిడ్డలతో కాపురముంటున్నాడు.

ప్రయాణానికి ముందు మాస్టారు రెండు సంగతులు చెప్పాడు. మొదటిది శ్రీకాకుళంవాడైన వడ్డాది పాపయ్యను గురించి. 1921లో పుట్టిన ఆ మహాచిత్రకారుడు ఏ మహానగరపు కళాశాలలోను చదువుకోలేదు. తండ్రి రామమూర్తి వద్దనే తొలి పాఠాలు నేర్చి, అయిదేళ్ళ ప్రాయంలో రవివర్మ కోదండరాముణ్ణి చూచి దింపాడని చెబుతారు. కశింకోటలో డ్రాయింగు మాస్టారుగా పని చేస్తూనే చందమామ, యువ పత్రికల ముఖచిత్రాలతో తెలుగువారి ఇళ్ళన్నింటినీ అలంకరించాడు. “కాబట్టి పట్నం పోతేనే చిత్రకారులవుతారని అనుకోకు. పోతే వచ్చే లాభమేమిటో మాత్రం చూచి రా” అన్నాడు మాస్టారు.

రెండవది ఒక చిన్న ఆజ్ఞ. “రాజమండ్రి దగ్గర గోదావరి దాటే వేళకు నిద్రపోకు. అది దామెర్ల రామారావు పుట్టిన ఊరు.”

ఆ ఆజ్ఞను పాటించి బాలిక రైలు పెట్టెలో మేలుకొనే ఉంది. వంతెన మీద రైలు చప్పుడు మారినప్పుడు కిటికీకి ముఖం ఆనించి చూచింది. చీకటిలో నీటి మీద దీపాల చారలు తప్ప ఏమీ కనబడలేదు. ఆమె చూడలేకపోయిన ఆ ఊరి కథ ఇక్కడ చెప్పుకోవలసి ఉంది.

దామెర్ల రామారావు 1897లో రాజమండ్రిలో జన్మించాడు. ఆ ఊరి ఆర్ట్స్ కళాశాలకు ప్రధానాచార్యుడుగా ఉన్న ఆంగ్లేయుడు ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు, రచయిత. పాఠ్యపుస్తకాలకు మించిన విద్య ఒకటుందని ఆయన నమ్మకం. అడివి బాపిరాజు వంటివారు ఆయన శిష్యులే. పరీక్షల చదువు మీద మనసు నిలవని రామారావు చేతిలోని రేఖను కూల్డ్రే గుర్తించి, ప్రోత్సహించి, బొంబాయిలోని జె.జె. కళాశాలలో చేరే ఏర్పాటు చేశాడు. అది 1916వ సంవత్సరం. గోదావరి గట్టున పెరిగిన పందొమ్మిదేళ్ళ యువకుడు, భాష తెలియని మహానగరంలో, పాశ్చాత్య పద్ధతిలో శరీర నిర్మాణాన్ని, వెలుగునీడలను అభ్యసించాడు.

బొంబాయిలో అంత నేర్చినవాడు ఏ రాజాస్థానంలోనో కుదురుకొని, ధనికుల రూపచిత్రాలు వేసి సుఖంగా బ్రతికి ఉండవచ్చు. రామారావు రాజమండ్రికి తిరిగి వచ్చాడు. నేర్చిన పద్ధతి బొంబాయిదే. వేసిన మనుషులు మాత్రం తెలుగువారు. నందిపూజ, పుష్పాలంకరణ చిత్రాలలోని స్త్రీల నిలుకడలో, కట్టులో, జడలో మన పల్లెలు కనిపిస్తాయి. తాను నేర్చినదాన్ని దాచుకొనక చిత్రకళాశాల నెలకొల్పి తోటివారికి నేర్పాడు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులు కావడం ఆ రోజులలో సామాన్య విషయం కాదు. 1925 ఫిబ్రవరిలో మశూచికం ఆయనను తీసుకొనిపోయింది. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ కళాశాలను నిలబెట్టాడు. రామారావు పేరిట రాజమండ్రిలో వెలసిన చిత్రశాలలో ఆయన చిత్రాలను నేటికీ చూడవచ్చు.

ఇక హైదరాబాదు. శిక్షణ మొదటినాడు అధ్యాపకురాలు పాతికమంది పిల్లలకు తలా ఒక కాగితమిచ్చి, తోచిన బొమ్మ వేయమన్నది. గంట తరువాత కాగితాలన్నీ నేలమీద వరుసగా పరిపించింది. పది పన్నెండు కాగితాలమీద ఒకే దృశ్యం ఉంది: రెండు కొండలు, నడుమ సగం సూర్యుడు, క్రిందికి పారే ఏరు, ఒడ్డున పూరిల్లు, దానిమీదికి వంగిన కొబ్బరిచెట్టు. మన రాష్ట్రాలలోని బడిపిల్లలందరూ పుట్టుకతో నేర్చుకొని వచ్చినట్లు వేసే దృశ్యమిది! కొండనే చూడని పిల్లలు కొండను వేస్తారు. పూరిల్లు కూలిపోయి రెండు తరాలైన ఊరిలోని పిల్లలు పూరిల్లు వేస్తారు. ఉద్దానం బాలిక కూడా అదే వేసింది. మిగిలిన వాటికంటె చక్కగా వేసింది.

“ఈ చెట్టెవరిది?” అని అధ్యాపకురాలు అడిగింది. బాలిక లేచి నిలబడింది.

“మీది ఏ ఊరమ్మా?”

“ఉద్దానం, మేడమ్. పలాస దగ్గర.”

“కొబ్బరితోటల సీమ నుంచి వచ్చావన్నమాట. మరి మీ ఊళ్ళో కొబ్బరిమట్టలు ఇలాగే గొడుగు ఊచల్లా అన్నీ ఒకే చోటినుంచి పుట్టుకొస్తాయా?”

అందులో పరిహాసం లేదు. అయినా బాలిక ముఖం ఎర్రబడింది. అలా పుట్టవని ఆమెకు తెలుసు. మొవ్వులోని లేత ఆకు నిటారుగా నిలుస్తుంది. నడిమి మట్టలు చేతులు చాచినట్లు అడ్డంగా విచ్చుకొంటాయి. ముదిరినవి మానును ఆనుకొని వ్రేలాడుతాయి. ఏదీ మరొకదాని ప్రక్కన పుట్టదు. మెలి తిరిగినట్లు చుట్టూ ఒకదానిపై ఒకటిగా వస్తాయి. ఎదిగిన చెట్టుకు ముప్పయి నలభై దాకా మట్టలుంటాయి. రాలిన ప్రతి మట్టా మానుమీద ఒక కడియంలాంటి గుర్తును విడిచిపోతుంది. ఆ గుర్తులమీద వ్రేళ్ళు పెట్టి చెట్టు వయస్సు లెక్కించడం తాత ఆమెకు నేర్పిన ఆట. ఇదంతా తెలిసిన చేయి కాగితం ముందు కూర్చోగానే పుస్తకంలోని చెట్టునే వేసింది. తెలిసినది వేరు, వేసినది వేరు.

అనుకరణ దోషమని దీని అర్థం కాదు. పాపయ్య కూడా ఒక పటాన్ని చూచి దింపుతూనే మొదలుపెట్టాడు. అయితే ఆయన దింపినది ఒక మహాశిల్పి దృష్టిని. మన పిల్లలు దింపుతున్నది ఎవరి దృష్టీ కాదు.

కాళిదాసు శాకుంతలంలో, షష్ఠాంకంలో ఒక ఘట్టముంది. శకుంతలను పోగొట్టుకొన్న దుష్యంతుడు ఆమె చిత్రాన్ని తానే వ్రాసి, చూస్తూ కూర్చుంటాడు. ముఖం కుదిరింది. రూపం కుదిరింది. అయినా చిత్రం పూర్తి కాలేదంటాడు. ఇసుకతిన్నెమీద హంసలు వ్రాలిన మాలినీనది ఇంకా వ్రాయవలసి ఉందట. లేళ్ళు విశ్రమించిన హిమవత్పర్వతపు చరియలు వ్రాయాలట. కొమ్మలకు నారచీరలు వ్రేలాడే చెట్టును, దాని క్రింద మగలేడి కొమ్ముకు కన్ను రుద్దుకొంటున్న ఆడులేడిని వ్రాయాలట. రాజభవనంలో కూర్చొన్న ప్రభువుకు, ఆమె పెరిగిన చోటు లేనిదే ఆమె లేదని అప్పటికి తెలిసివచ్చింది. అంతఃపురానికి వచ్చి నిలిచిన నాడు ఆ చోటు ఆయనకు గుర్తుకు రాలేదు.

మర్నాటినుంచి బాలిక పాఠాలన్నీ శ్రద్ధగా నేర్చుకొన్నది. కుండ, గుడ్డ, నిమ్మకాయ. వెలుగు పడే వైపు, నీడ పడే వైపు. పెన్సిలును చేయి చాపి పట్టుకొని కొలత తీసే పద్ధతి. ఒక ఆదివారం అందరినీ మూసీ ఒడ్డునున్న సాలార్‌జంగ్ ప్రదర్శనశాలకు తీసుకొనిపోయారు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన రెబెకా విగ్రహం ముందు జనం గుమిగూడి, పాలరాతిలో పలుచని మేలిముసుగు ఎలా తెచ్చాడా అని అబ్బురపడుతున్నారు. బాలిక ముసుగును కాక చేతులను వేసుకొన్నది. నునుపైన, మచ్చలేని, ఏ పనీ చేయని చేతులు. వేస్తుంటే ఏమో తక్కువైనట్లు తోచిందని ఆ రాత్రి మేనత్తతో చెప్పింది.

కొబ్బరిచెట్టును మాత్రం ఆమె మళ్ళీ వేయలేదు. అధ్యాపకురాలు రెండుసార్లు అడిగి చూచింది. మూడవసారి అడిగినప్పుడు బాలిక తల వంచుకొని, “మా చెట్లు లేవు మేడమ్, పడిపోయాయి” అన్నది. తుపాను మాట అప్పుడు బయటికి వచ్చింది. ఆ అధ్యాపకురాలు ఓదార్పుమాటలేవీ చెప్పలేదు. కొంతసేపటికి, “పడిపోయిన చెట్టు ఎలా ఉంటుందో నాకు తెలియదు. నేనెప్పుడూ చూడలేదు” అని మాత్రం అన్నది.

నిలబడిన చెట్టుకంటె పడిన చెట్టును వేయడం కష్టం. వేరు మనవైపు, మొవ్వు అవతలివైపు ఉండేటట్లు పడిన మానును కాగితం మీదికి తేవాలంటే, దగ్గరిది పెద్దదిగా, దూరమైనది చిన్నదిగా కుదించి చూపాలి. అరవై అడుగుల చెట్టు జానెడు కాగితంలో మూడంగుళాలైపోతుంది. అయినా అరవై అడుగులుగానే తోచాలి. ఆ లెక్క అంతవరకు ఆమె ఎరుగదు. దానిని నేర్పడానికి నగరం కావలసి వచ్చింది. కొబ్బరికి తల్లివేరుండదని, మొదలు చుట్టూ తాళ్ళవంటి వేలకొద్ది పీచువేళ్ళుంటాయని, చెట్టు కూలినప్పుడు ఆ వేళ్ళు మట్టిముద్దతో సహా పైకి లేచి మనిషెత్తు గోడలాగా నిలుస్తాయని ఆమె ఎరుగును. దానిని నేర్పడం ఆ నగరంలో ఎవరి తరమూ కాదు. మూడు కాగితాలు చించిన తరువాత నాలుగవది నిలిచింది. ముందు వేరుముద్ద, దానిలో చిక్కుకొన్న ఒక ప్లాస్టిక్ బిందె, వెనుక కడియాల గుర్తులతో సన్నబడుతూ పోయే మాను, చివర ఇంకా వాడని లేత మొవ్వు. శిక్షణ ముగింపునాటి ప్రదర్శనలో ఆ చిత్రాన్ని కూడా ఒక మూల తగిలించారు. బహుమతి వేరొకరికి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో రాజమండ్రిలో దిగి దామెర్లవారి చిత్రాలు చూడాలని ఆమె ఎంతో అనుకొన్నది. పలాస వరకు తీసిన టికెట్టు, చేతిలో మిగిలిన ముప్పయి రూపాయలు అందుకు ఒప్పుకోలేదు.

ఇంటికి చేరేసరికి టార్పాలిను ఎండకు తెల్లబారి ఉంది. కూతురు చుట్ట విప్పి, చిత్రాన్ని నేలమీద పరిచింది. తల్లి వంగి చూచింది. భాగవతంలోని చిత్రరేఖ రాకుమారుల రూపాలు ఒక్కొక్కటే వ్రాసి చూపినప్పుడు, అనిరుద్ధుణ్ణి చూచిన ఉష ఎలా గుర్తుపట్టిందో మన కవులు వర్ణించారు. ఇక్కడ వర్ణనకు తావులేదు.

“ఇది మన నూతికాడి చెట్టు కదే?” అన్నది తల్లి. మరికొంచెం వంగి, “మన బిందె” అన్నది. ఆపైన చాలాసేపు మాట్లాడలేదు.

మరునాడు సాయంకాలం ఆమె బట్టీనుంచి రాగానే కూతురు వాకిట పీట వేసి కూర్చోమన్నది. చేతులు ఒళ్ళో పెట్టుకోమన్నది.

“బొమ్మకా? ఈ మసి చేతులేటి పాపా! కడుక్కునొస్తానుండు” అని తల్లి లేవబోయింది.

“వద్దమ్మా. అలాగే ఉండు” అంటూ కూతురు పెన్సిలు చేతికి తీసుకొన్నది.